కర్ర మొనకు తోలు అతికించిన ఖైదీ – కెప్టెన్ మ్యాంగో

ప్రతి సంవత్సరం మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవితాలు వస్తూనే ఉన్నాయి. అంబేద్కర్ గారి గురించి, ఫూలే గారి గురించి, జాషువా గారి గురించి ఎవరో ఒకరు రాస్తున్నారు, రాయాలి కూడా. ఈసారి మేము మాత్రం మన పాఠ్యపుస్తకాల్లో లేని ఒక మనిషిని ఎంచుకున్నాము. ఆయన మన దేశం వాడు కాదు, మన కాలం వాడు అంతకన్నా కాదు. చనిపోయి నూట డెబ్భై ఏళ్లు దాటింది. యుద్ధాలు గెలిచి పేరు తెచ్చుకున్నవాడు కూడా కాదు. జైలులో కూర్చుని ఒక కర్ర మొనకు చిన్న తోలు ముక్క అతికించాడు, అంతే. ఆ ముక్క వల్ల ప్రపంచంలో ఒక ఆట మొత్తం మారిపోయింది. తోలు పని చేసిన ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలం మాలో చాలామందిమి ఉన్నాము కనుక ఆయన కథ మాకు మరీ నచ్చింది.

ముందు ఆట సంగతి చెప్పాలి. బిలియర్డ్స్, స్నూకర్, పూల్ అనేవి మూడూ ఒకే కుటుంబానికి చెందినవి. ఆకుపచ్చ బట్ట పరిచిన పెద్ద బల్ల, దాని మీద బంతులు, ఆడేవారి చేతిలో పొడవాటి నున్నని కర్ర. ఆ కర్రను క్యూ అంటారు. క్యారమ్స్‌లో మనం స్ట్రైకర్‌ను వేలితో కొడతాం, ఇక్కడ తెల్ల బంతిని కర్రతో పొడుస్తారు. అది వెళ్లి మిగతా బంతులను కొట్టాలి. కర్ర సన్నని చివర, అంటే బంతికి తగిలే మొన మీద, గుండ్రని తోలు బిళ్ల ఒకటి అతికించి ఉంటుంది. స్నూకర్ కర్రకైతే 9 నుంచి 10 మిల్లీమీటర్లు, పూల్ కర్రకైతే 13 మిల్లీమీటర్ల వరకు. మన చొక్కా గుండీ అంత అనుకోవచ్చు. ఆటగాడి నైపుణ్యం అంతా బంతికి చేరేది ఆ గుండీ గుండానే. బిళ్ల బంతిని తాకి ఉండే సమయం సెకనులో వెయ్యో వంతు మాత్రమే.

ఈ బిళ్ల మొదట్లో లేదు. తొలిరోజుల్లో ఆటగాళ్లు ముందు భాగం బల్లపరుపుగా వెడల్పుగా ఉన్న ఒక పనిముట్టుతో బంతిని తోసేవారు. బంతి గోడ పక్కన ఇరుక్కున్నప్పుడు ఆ వెడల్పు తల ఇమడదు కాబట్టి దాన్ని తిరగేసి సన్నని తోకతో పొడిచేవారు. ఫ్రెంచి భాషలో క్యూ అంటే తోకే. తరువాత ఆ తోకే అసలు కర్ర అయింది. కానీ దాని మొన ఒట్టి కట్టె. బంతి ఏనుగు దంతం. నున్నని దంతం మీద నున్నని కట్టె తగిలితే ఏమవుతుంది? నడిమధ్యన తగిలితే సరి, కొంచెం పక్కకు పోతే చర్రున జారుతుంది. అందుకని ఎంత మొనగాడైనా బంతిని మధ్యలోనే కొట్టేవాడు, బంతి తిన్నగానే పోయేది. గోలీలాటలో ఆరితేరిన మన తమ్ముళ్లకు ఇది ఎంత పేద ఆటో వెంటనే అర్థమవుతుంది. గోలీని వేళ్లతో తిప్పి వదిలితే ఎదుటి గోలీని కొట్టి అక్కడే ఆగుతుంది, ఇంకా నేర్పుంటే వెనక్కి కూడా వస్తుంది. కట్టె మొనతో ఆ తిప్పుడు సాధ్యం కాదు.

ఇక మన కథానాయకుడు. పేరు ఫ్రాన్స్వా మ్యాంగో. ఫ్రెంచివారు పలికినట్టు పలికితే మన చెవికి మామిడి పండులాగానే వినిపిస్తుంది, నవ్వుకుంటే నవ్వుకోండి. 1771 జనవరి 4న దక్షిణ ఫ్రాన్స్‌లో నీమ్ పట్టణానికి దగ్గరలోని లే కైలార్ అనే ఊరిలో పుట్టాడు. సాంఘికశాస్త్రంలో మనం చదువుకున్న ఫ్రెంచి విప్లవం 1789లో మొదలైనప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్లు, అంటే ఇంచుమించు మన ఇంటర్ అన్నల వయసు. ఆ కాలంలో ఆ దేశపు యువకులు ఎందరో పట్టిన దారే ఆయనా పట్టి సైన్యంలో చేరాడు. కాల్బలంలో కెప్టెన్ అయ్యాడు. 1804లో నెపోలియన్ చక్రవర్తి అయ్యాడు. రాజు పోయి చక్రవర్తి వచ్చాక నోరు అదుపులో పెట్టుకోవడం తెలిసినవారికే సుఖం. మ్యాంగోకు అది తెలియదు. రాజకీయాల గురించి బాహాటంగా మాట్లాడినందుకు ఆయనను జైలులో వేశారని ఆయన కథ చెప్పేవారంతా చెబుతారు.

ఇక్కడ ఒక పొరపాటును సరిచేయాలి. చాలా పుస్తకాల్లో ఆయన బాస్టిల్ జైలులో ఉన్నాడని రాసి ఉంటుంది. బాస్టిల్‌ను ప్రజలు 1789 జూలై 14న ముట్టడించి పట్టుకున్నారు, తరువాత రాళ్లతో సహా కూల్చేశారు. ఈ ప్రశ్న మన పరీక్షల్లో ఎన్నిసార్లు రాలేదు! లేని జైలులో మనిషిని ఎలా పెడతారు? పారిస్‌కు దక్షిణాన బిసెత్ర్ అనే చోటు ఉంది, మ్యాంగో ఉన్నది అక్కడని చెప్పేవారి మాటే నిలబడుతుంది. అది జైలూ, ఆసుపత్రీ, దిక్కులేనివారి ఆశ్రమమూ అన్నీ కలిసిన పెద్ద ప్రాంగణం. మతి చెడినవారిని గొలుసులతో కట్టి ఉంచిన చోటు, ఆ గొలుసులు మొదట విప్పిన చోటు కూడా అదే. తల నరికే గిలటిన్ యంత్రాన్ని 1792లో మొదట పరీక్షించింది అక్కడే, శవాల మీద.

అలాంటి చోట కూడా హోదా ఉన్న ఖైదీలకు కొన్ని వెసులుబాట్లు ఉండేవి. మ్యాంగోకు దొరికిన వెసులుబాటు ఒక బిలియర్డ్స్ బల్ల. ఎంతసేపు ఆడినా ఆ నాలుగు గోడలే, ఆ బంతులే, ఆ జారే కర్రే. బయట ఉన్నవాడైతే విసుగొచ్చి లేచిపోయేవాడు. లోపల ఉన్నవాడికి లేచిపోయే దారి లేదు. జారుడు ఎందుకు వస్తోందో, దాన్ని ఎలా ఆపాలో ఆలోచించే తీరిక ఆయనకు దండిగా దొరికింది. చివరికి కట్టె మొనను చదునుగా కోసి, దాని మీద గుండ్రంగా కత్తిరించిన తోలు ముక్క అతికించాడు. పైభాగం కొంచెం ఉబ్బెత్తుగా ఉండేలా చేశాడు.

తోలు దెబ్బ తగిలినప్పుడు కొంచెం లోపలికి నొక్కుకుంటుంది. ఆ వెయ్యో వంతు సెకనులో బంతిని జారనీయకుండా పట్టుకుంటుంది. కనుక ఇప్పుడు మధ్య నుంచి పక్కకు జరిగి కొట్టినా బంతి మాట వింటుంది. కింద కొడితే ఎదుటి బంతిని తాకి వెనక్కి వస్తుంది, పైన కొడితే దాని వెంటే ముందుకు పోతుంది, పక్కన కొడితే గోడను తాకి వంకర దారి పడుతుంది. దీనికీ హద్దు ఉంది. బంతి మధ్య నుంచి అంచుకు ఉన్న దూరంలో సుమారు సగం వరకే తోలు పట్టు నిలుస్తుంది, అది దాటితే తోలైనా జారుతుంది. మ్యాంగో ఇంకా ముందుకు వెళ్లాడు. కర్రను దాదాపు నిట్టనిలువుగా ఎత్తి పైనుంచి కింది బంతిని పొడిచాడు. బంతి ముందుకు పోయి, అడ్డంగా ఉన్న మరో బంతిని చుట్టి, విల్లులా వంగి తిరిగింది. ఈ దెబ్బను మాస్సే అంటారు. దాన్ని ఆటలోకి తెచ్చిన ఘనత ఆయనకే ఇస్తారు.

ఆయన శిక్ష ముగిసే రోజు వచ్చేసరికి ఇంకా కొన్ని దెబ్బలు సాధన చేయవలసి ఉండిపోయాయట. మరికొన్నాళ్లు జైలులోనే ఉండనివ్వమని అధికారులను అడిగాడని ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమో కల్పనో గానీ, రెండో గంట కొట్టినా క్యారమ్ బోర్డు వదలని వాళ్లను చూసినవారెవరూ దీన్ని పూర్తిగా అబద్ధం అనలేరు.

1807లో ఆయన బయటికి వచ్చాడు. అప్పటికి ముప్పై ఆరేళ్లు. పారిస్‌లోని కాఫీ హోటళ్లలో బిలియర్డ్స్ బల్లలు ఉండేవి, అక్కడ తన విద్య చూపడం మొదలుపెట్టాడు. తిన్నగా పోవలసిన బంతి మధ్యలో మనసు మార్చుకున్నట్టు వెనక్కి రావడం చూసి జనం నోళ్లు తెరిచారు. బంతికి దయ్యం పట్టిందని కొందరు భయపడ్డారనీ, ఆయన కూడా భయపడ్డట్టు నటించి వారిని ఇంకా ఆటపట్టించాడనీ చెప్పుకుంటారు. మన ఊర్లలో ఇంద్రజాలం చేసేవారిని చూసి పెద్దవాళ్లు గుసగుసలాడుకోవడం మేము చూశాము కాబట్టి, పారిస్ జనం మనకన్నా వేరు కాదని మాకు అనిపించింది. దయ్యం ఎక్కడ ఉందో కర్ర మొన చూస్తే తెలిసేది. కొన్నేళ్లలోనే ఆ తోలు బిళ్ల ఐరోపా అంతా పాకింది.

అతికించడంతో పని అయిపోయిందనుకుంటే అది తప్పు. తోలు ప్రాణం ఉన్న వస్తువు లాంటిది, దాన్ని చూసుకుంటూ ఉండాలి. మన హాస్టల్‌లో చదివి పట్నం వెళ్లిన ఒక అన్న, డిగ్రీ చదువుకుంటూ సాయంత్రాలు పూల్ ఆడించే చోట పని చేశాడు. ఆటకు డబ్బు కట్టేవారు బంతులను చూస్తారు, తను మాత్రం రోజూ కర్రల మొనలు చూసేవాడినని మాకు చెప్పాడు. అతను చెప్పిన పద్ధతి ఇది.

కొత్త బిళ్ల వేసేటప్పుడు పాతదాన్ని బ్లేడుతో తీసేసి, కింద మిగిలిన జిగురును పూర్తిగా గీకి, మొనను చదును చేయాలి. చదును కాకపోతే బిళ్ల ఎంత మంచిదైనా ఒక పక్క లేచిపోతుంది. బిళ్ల అడుగును కూడా ఉప్పు కాగితం మీద కొంచెం రుద్ది, జిగురు పూసి గట్టిగా ఒత్తి పట్టుకోవాలి. ఆరిన తరువాత కర్రను తలకిందులుగా చెక్క మీద ఆనించి, బయటికి పొడుచుకొచ్చిన అంచును పదునైన బ్లేడుతో చుట్టూ కోయాలి. తరువాత పైభాగాన్ని ఉప్పు కాగితంతో ఉబ్బెత్తుగా రుద్దాలి. నాణెం అంచు ఎంత వంపు ఉంటుందో అంత వంపు రావాలని ఆటగాళ్ల లెక్క. పక్కలను కొంచెం తడి చేసి బట్టతో గానీ తోలు ముక్కతో గానీ బలంగా రుద్దితే నున్నగా గట్టిపడతాయి.

పక్కలు నున్నగా ఉండాలి, పైభాగం మాత్రం గరుకుగా ఉండాలి. ఇదే అసలు కిటుకు. వందల దెబ్బలు పడ్డాక తోలు ఒత్తుకుపోయి, పైన అద్దంలా మెరుపు వస్తుంది. కొత్తవాడు ఆ మెరుపు చూసి మురిసిపోతాడు, పాతవాడు భయపడతాడు. మెరిసే తోలు సుద్దను పట్టుకోదు, సుద్ద లేని తోలు మళ్లీ మ్యాంగో నాటి కట్టెలాగే జారుతుంది. మన ఇళ్లలో ఇసుర్రాయి అరిగి నున్నబడితే గింజ నలగదు. అప్పుడు కక్కు కొట్టేవాడిని పిలిచి ఉలితో చిన్న చిన్న గాట్లు పెట్టిస్తారు. తోలు బిళ్లకూ అదే వైద్యం. ఉప్పు కాగితంతోనో సన్నని ఆకురాయితోనో పైన రెండు మూడుసార్లు తేలికగా రుద్దుతారు. కొందరు సన్నని సూదులున్న పనిముట్టుతో పొడిచి సుద్ద నిలిచే గుంటలు చేస్తారు. ఇంకొందరు గరుకు ఇనుప ముక్కను తోలు మీద పెట్టి మెల్లగా తట్టి, ఆ గరుకును తోలుకు అచ్చు వేస్తారు. ఈ మూడింటిలో తట్టడమే మేలని అన్న అభిప్రాయం. రుద్దిన ప్రతిసారీ తోలు కొంత పోతుంది. సూదితో ఎక్కువ పొడిస్తే లోపలి నారలు తెగి బిళ్ల మెత్తబడిపోతుంది. తట్టితే ఏమీ పోదు. ఆడే వాళ్లు మాత్రం పని లేనప్పుడల్లా బిళ్లను రుద్దుతూనే ఉంటారట, నెలలు రావలసిన బిళ్ల వారాల్లో అయిపోతుంది.

ఇంకో జబ్బు, బిళ్ల దెబ్బలకు నలిగి పుట్టగొడుగులా పక్కలకు వ్యాపించడం. అప్పుడు మళ్లీ అంచు కోసి, పక్కలను రుద్ది గట్టిచేయాలి. తోలు బాగా పలచబడి కింది చుట్టుకు తగిలేటట్టు ఉంటే ఇక మార్చడమే.

సుద్ద కథ కూడా మ్యాంగో కథలో భాగమే. తోలు వచ్చాకే సుద్దకు పూర్తి విలువ వచ్చింది. 1820ల్లో ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జాక్ కార్ అనే మనిషి బిలియర్డ్స్ గదిలో లెక్క రాసే పని చేసేవాడు. బంతిని పక్కకు తిప్పే దెబ్బలు చూపిస్తూ, దానికి తన పొడే కారణమని చెప్పి చిన్న డబ్బాల్లో మామూలు సుద్దపొడి అమ్ముకున్నాడు. పాపం కొన్నవాళ్లు! మన వైపు సంతల్లోనూ ఇలాంటి పొడులు అమ్మేవారికి కొదువ లేదు. అసలు సిసలైన మెరుగైన సుద్ద 1897లో అమెరికాలో వచ్చింది. స్పింక్స్ అనే ఆటగాడు, హాస్కిన్స్ అనే రసాయన శాస్త్రవేత్త కలిసి ఇసుకరాయి పదార్థం, కురువిందం వంటి గరుకు పొడులతో తయారుచేసి పేటెంట్ తీసుకున్నారు. నేడు బల్ల అంచున కనిపించే నీలం రంగు చదరపు ముక్క దాని సంతానమే. పేరు సుద్ద గానీ అందులో మన బోర్డు సుద్ద ఉండదు.

మ్యాంగో తన విద్యను దాచుకోలేదు. 1827లో పారిస్‌లో తన దెబ్బలను బొమ్మలతో సహా పుస్తకంగా వేశాడు. ఏ బంతి ఎక్కడ ఉండాలి, కర్ర ఎంత ఎత్తాలి, బంతి ఏ దారిన పోతుంది అన్నీ గీసి చూపించాడు. 1830లో లండన్‌లో జాన్ థర్‌స్టన్ దాన్ని ఇంగ్లీషులో ప్రచురించాడు. ఈ థర్‌స్టన్ బల్లలు చేసే వ్యాపారి. చెక్క బల్ల స్థానంలో పలకరాయి బల్లను తెచ్చినవాడు ఇతడే, 1826లో. చిన్నప్పుడు మనం బలపంతో అ ఆలు దిద్దిన పలక జాతి రాయే అది.

లెక్కలంటే భయపడేవారు ఈ భాగం వదిలేయవచ్చు. 1835లో కోరియోలిస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త బిలియర్డ్స్ బంతి కదలికల మీద ఏకంగా ఒక గణిత గ్రంథం రాశాడు. భూగోళశాస్త్రంలో గాలులు ఉత్తరార్ధగోళంలో కుడివైపుకు వంగుతాయని చదివి, దానికి కారణమైన ప్రభావానికి పేరు రాశాం కదా, ఆ కోరియోలిసే. తోలు మొన లేకపోతే బంతికి ఆ తిప్పుడే లేదు, తిప్పుడు లేకపోతే లెక్క కట్టవలసినంత వింత కూడా లేదు.

చివరి రోజుల్లో మ్యాంగో హాలండ్ దేశంలో ఉన్నాడు. 1847 డిసెంబరు 23న రోటర్‌డామ్ నగరంలో, డెబ్భై ఆరేళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆ ఆట ఇంగ్లీషు సైనికాధికారుల వెంట మన దేశానికీ వచ్చింది. స్నూకర్ పుట్టింది మన దేశంలోనే, 1875లో జబల్‌పూర్ సైనిక శిబిరంలో. 1880ల్లో ఊటీ క్లబ్బులో దాని నియమాలు రాసి గోడకు పెట్టారు. హైదరాబాదులో ఆ శతాబ్దం చివర నవాబు వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా భవనంలో లండన్ నుంచి తెప్పించిన పెద్ద బిలియర్డ్స్ బల్ల ఉంది. ఆ భవనం ఆయన నుంచి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు చేరింది. 2016లో నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడేదాకా మన కల్వకుర్తి ఉన్న మహబూబ్‌నగర్ జిల్లాకు పేరు వచ్చింది ఆ నిజాం నుంచే. ఇప్పుడు అది పెద్ద హోటలు.

రాజుల బల్ల దగ్గర తోలుకు ఉన్న మర్యాద మన ఊర్లలో తోలు పని చేసినవారికి దొరకలేదు. కల్వకుర్తి చుట్టుపక్కల గుట్టల మీద, చెలకల గట్ల మీద తంగేడు విరగబూస్తుంది. పువ్వు బతుకమ్మకు, చెక్క లందకు. మా తాతలు తోలును సున్నంలో వేసి వెంట్రుక ఊడదీసి, తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, ఆరె, రంపె, గూటంతో చెప్పులు, పగ్గాలు, మోట బొక్కెనలు చేశారు. కరెంటు మోటర్లు వచ్చేదాకా ఊరి పొలాలకు నీళ్లు తోడింది ఆ తోలు బొక్కెనే. అది బావిలో మునిగితే మైల లేదు, దాన్ని కుట్టిన చెయ్యి మునిగితే మైల! డప్పు కొట్టే ముందు మంట దగ్గర కాచడం, చెప్పులకు ఆముదం రాయడం, బొక్కెన ఎండి పగలకుండా తడిపి ఉంచడం, ఇవన్నీ తోలును ఎలా చూసుకోవాలో తెలిసినవారి పనులు. మ్యాంగో జైలులో సంవత్సరాలు పెట్టి తెలుసుకున్నది, అంటే తోలు పట్టుకుంటుంది, కట్టె జారుతుంది అన్న సంగతి, మా పెద్దలకు పుట్టుకతో తెలుసు. ఆయన పేరు పుస్తకాల్లోకి ఎక్కింది, ఎక్కవలసిందే. ఆ తోలును ఊనిన మనిషి పేరు ఫ్రాన్స్‌లోనూ ఎవరూ రాసిపెట్టలేదు.

ఇప్పుడు పేరున్న బిళ్లలు జపానులో తయారవుతున్నాయి. పంది తోలును పలచని పొరలుగా చేసి, ఒకదాని మీద ఒకటి అతికించి, నొక్కి చేస్తారు. ఒక్క తోలు ముక్కకన్నా అవి తక్కువగా నలుగుతాయి, పుట్టగొడుగులా వ్యాపించడం తక్కువ. ధర మాత్రం మన నెల మెస్ ఖర్చును గుర్తుచేస్తుంది. అన్న పని చేసిన చోట మామూలు బిళ్లలే వాడేవారు. ఎవరైనా తమ్ముళ్లు పట్నం వెళ్లినప్పుడు ఆ బల్ల దగ్గర నిలబడే అవకాశం వస్తే, ఆడేవారి చేతుల కన్నా ముందు కర్ర మొన చూడండి. మెరుస్తూ ఉంటే తరువాతి దెబ్బ జారుతుందని పక్కవాడితో పందెం కాయవచ్చు.